నెగడులో వేసిన పేరు

"పుల్ల వేశావు, సరే. పేరెందుకు చెప్పావురా?"

గురవయ్య పొద్దుటినుంచీ అదే మాట అడుగుతున్నాడు. నాపరాళ్ళ క్వారీకి పోవాల్సిన మనిషి పోలేదు. ఉలీ సుత్తీ సంచిలోనే ఉన్నాయి. గడప మీద అడ్డంగా కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. కొడుకు బయటికి పోవాలంటే ఆ కాళ్ళు దాటిపోవాల్సిందే.

కృపాదానం గోడవైపు తిరిగి చాప మీద పడుకున్నాడు. ఎడమ కన్ను కింద కమిలి నల్లబడింది. క్యాంపు బళ్ళు నిన్న మాచర్ల చేరీ చేరకముందే సుభానీ ఎదురొచ్చి కొట్టిన దెబ్బ అది. చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్న స్నేహితుడు కొట్టాడు. కృపాదానం చెయ్యెత్తలేదు. ఎత్తి ఉంటే గురవయ్యకి కొంచెం బాగుండేదేమో.

"పేరు చెప్పకపోతే అది ఒప్పుకోలు కాదు నాన్నా."

"ఎవరన్నారు?"

"పాస్టరు ఐజాక్ అయ్యగారు. నాలో ఏదో లోపం ఉందని ఊరికే గొణిగి పుల్ల పడేస్తే కట్టె కాలుతుంది గానీ లోపం కాలదన్నారు. ఏది వదులుకుంటున్నామో దాని పేరు పెట్టి చెప్పమన్నారు."

"బీడీలు మానేత్తానన్నోడు బీడీ పేరు చెప్పాడు. అన్నతో గొడవపడ్డోడు అన్న పేరు చెప్పాడు. అయ్యి వాళ్ళ సొంతం. నువ్వు ఎవరి సొత్తు పడేశావురా ఆ మంటలో?"

కృపాదానం గోడ సున్నం గోటితో గీకాడు.

ప్రతి వేసవిలోనూ చర్చి సంఘంలోని యౌవనస్తులు ఎత్తిపోతల జలపాతం దగ్గర డేరాలు వేసుకుని క్యాంపు పెట్టుకుంటారు. ఆఖరి సాయంత్రం నెగడు వేస్తారు. ఒక్కొక్కరూ ఒక ఎండుపుల్ల తీసుకుని, తాను వదులుకుంటున్నదేదో అందరి ముందూ చెప్పి, ఆ పుల్ల మంటలో వేస్తారు. అక్కడ విన్నది ఊళ్ళో అనకూడదని కట్టుబాటు. ఇన్నేళ్ళూ ఆ కట్టుబాటు నిలబడిందంటే, ఇన్నేళ్ళూ ఎవరూ అంత రుచిగల సంగతి చెప్పకపోవడం వల్లనేనని ఇప్పుడు తేలింది. "హమీదా మీద నేను పెంచుకున్న ప్రేమను వదులుకుంటున్నాను" అన్నాడు కృపాదానం. హమీదా పక్కింటి దర్జీ రహీము కూతురు, సుభానీ చెల్లెలు; గురజాల సంబంధం నిశ్చయమై వేలికి ఉంగరం కూడా పడింది. డేరాలు విప్పకముందే ఆ మాట బండి ఎక్కింది.

ఇంత మంచి కుర్రవాడు ఇంత మొద్దు పని ఎలా చేశాడని పాఠకులకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ కుర్రవాడు మాత్రం తాను గొప్ప త్యాగం చేస్తున్నాననే అనుకున్నాడు. పుల్ల వేసి వెనక్కి తిరిగినప్పుడు కళ్ళనిండా నీళ్ళున్నాయట. మనసు ఎంత తేలికపడిందో పక్కవాడికి చెప్పుకున్నాడట కూడా.

ఆరోగ్యమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చేట్లో బియ్యం ఏరుతోంది. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. ఊళ్ళో ఎవరింట్లో తగువొచ్చినా, "ఆరోగ్యమ్మను అడగండి, ఉన్నది ఉన్నట్టు చెప్తుంది" అంటారు. అలాంటి మనిషి ఇవాళ తల ఎత్తకుండా బియ్యంలో రాళ్ళు వెతుక్కుంటోంది.

"ఆ పిల్లకి తెలుసా?" అంది చివరికి.

"ఏంటమ్మా?"

"నీ మనసులో ఇది ఉన్నట్టు."

"తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. అలా ఒక్కసారి చూడను కూడా లేదు."

గురవయ్య నవ్వాడు. అది వినడానికి బాగాలేదు.

"విన్నావటే? ఆ పిల్లకి చెప్పలేనోడు నలభై మందికి చెప్పాడంట! ఆ పిల్ల తండ్రి కుట్టిన డేరా కింద పడుకుని, ఆయన కూతురి పేరు తీసి మంటలో ఏశాడు. ఒరేయ్, ఆ రహీము మనకి చేసిన పాపమేందిరా? పాత గుడ్డలకి మాసికలేసి ఊరికే కుట్టిచ్చాడు, దేవుడి పని గందా అని."

"నాన్నా, ఇంక చాలు."

"చాలంటే అయిపోద్దా? యల్లమంద బండి మీద వస్తా చెప్పిపోయాడు. గురజాలోళ్ళు బయల్దేరారంట. మజ్జాన్నం నమాజు కాంగానే పంచాయితీ. పిల్లకి పెట్టిన ఉంగరం ఎనక్కి అడుగుతారంట."

కృపాదానం లేచి కూర్చున్నాడు.

"నేను వెళ్తాను. ఆ అమ్మాయికి ఏమీ తెలియదనీ, తప్పంతా నాదేననీ వాళ్ళ పెద్దల ముందు చెప్తాను. ఉన్న నిజం చెప్తే ఎందుకు నమ్మరు?"

"నీ నోట్లోంచి ఇంకొక్క నిజం బయటికొచ్చిందంటే కాళ్ళిరగ్గొడతా!" అని అరిచాడు గురవయ్య. "కూర్చో అక్కడ."

కృపాదానం కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ మళ్ళీ బియ్యం చెరగసాగింది.

*

దొడ్లో నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడ ఉంది. దాని మూల ఒక రాయి ఎప్పుడో పడిపోయింది. ఆ సందులోంచే రెండిళ్ళ మధ్యా కూరలూ నిప్పులూ పిల్లలూ రాకపోకలు సాగించారు. ఎండ నడినెత్తికి రాబోయేవేళ ఆరోగ్యమ్మ బియ్యం కడుగునీళ్ళు పారబోయడానికి వస్తే, ఆ సందు అవతల హమీదా తల్లి గుల్జార్ బేగం నిలబడి ఉంది. ముసుగు నుదుటిదాకా లాక్కుంది.

"అక్కా."

ఆరోగ్యమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పెళ్ళయి వచ్చిననాటినుంచీ గుల్జార్ ఆమెను వదినా అనే పిలిచింది. పిల్లలకి మాటలొచ్చాక హమీదా అత్తా అంది. ఇవాళ కొత్తగా అక్కా అంటోంది.

"లోపలికి రా గుల్జారూ."

"రాను. వచ్చానంటే అదొక మాట అవుద్ది."

"పిల్ల ఎట్టా ఉంది?"

"అన్నం తినలా. పోనీ ఏడుస్తదా అంటే ఏడవడమూ లేదు. చొక్కాలకి కాజాలు కుడతా కూర్చుంది. కుట్టిన కాజా ఇప్పుతది, మళ్ళీ కుడతది."

ఆరోగ్యమ్మ గిన్నె కింద పెట్టింది. గోడకి చెయ్యి ఆనించింది.

"వాణ్ణి తెచ్చి నీ గుమ్మంలో నిలబెడతా. చెప్పు తీసుకుని కొట్టు. నేను అడ్డం రాను."

"కొడితే ఉంగరం నిలబడుద్దా అక్కా?"

ఆరోగ్యమ్మ కింద పెట్టిన గిన్నె వైపు చూసింది.

"ఈ సంబంధం పోతే పోయిందిలే అనుకుందామంటే కుదరదు," అంది గుల్జార్. "ఎందుకు పోయిందని అడగని ఇల్లు ఉంటదా? పరాయి మతం కుర్రాడు నెగడు కాడ పేరు పెట్టి చెప్పాడంట అంటారు. ఏమీ లేందే ఎందుకంటాడు అంటారు. అది ఏ ఊరు పోయినా ఈ మాట దానికంటే ముందు పోద్ది. నా బిడ్డ ఏం చేసిందక్కా? ఒకరోజు వాకిట్లో నిలబడి నవ్వింది కూడా లేదు."

"తెలుసు."

"తెలిస్తే నా మాట విను. ఒకే దారుంది."

గుల్జార్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మాలో ఒక తల్లి పాలు తాగినోళ్ళంతా అన్నాచెల్లెళ్ళే. కడుపున పుట్టకపోయినా సరే. వాళ్ళ మజ్జ పెళ్ళి మాట రాదు, మాట్లాడుకున్నా తప్పు లేదు. పరదా కూడా అక్కర్లేదు. మీ దానం చిన్నప్పుడు సుభానీతో పాటు నా పాలు తాగాడని నువ్వు చెప్పు. ఇంట్లో అంత చొరవగా ఎందుకు తిరిగాడంటే దానికీ జవాబు దొరుకుద్ది. తెలీక అన్నాడు, తెలిశాక సిగ్గుపడ్డాడు అంటారు. అన్నగాడి మాట చెల్లెలికి మచ్చ అవదు."

ఆరోగ్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"తాగలేదు గందా గుల్జారూ," అంది.

"తాగలా. తాగనీలా మీరు." గుల్జార్ గోడ రాయి మీద చెయ్యి వేసింది. "నీకు పురిటి జొరం. పిల్లోడు గుక్కపెట్టి ఏడుస్తన్నాడు. సుభానీని చంకనేసుకుని ఇదిగో, ఈ గోడకాడికే వచ్చా. నేనిస్తా ఇటియ్యండి అన్నా. మీ అత్త నన్ను ఇక్కడే నిలబెట్టింది. సాయిబుల పాలు మా బిడ్డకెందుకమ్మా, మేకపాలున్నయ్యి అంది. వాడి ఏడుపుకి నా రైక తడిసిపోయిందక్కా. ఆ తడిసిన రైకతోనే ఇంటికి పోయా."

ఆరోగ్యమ్మ ఆ రోజు మంచం మీదనుంచి ఆ మాటలు విన్నది. జ్వరం ఉన్నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. అత్త మాటకి ఎదురు చెప్పే వయసు కాదు, ధైర్యమూ లేదు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకుండానే ఇరవయ్యేళ్ళు కూరలు ఇచ్చిపుచ్చుకున్నారు.

"ఆ రోజు తాగనిచ్చి ఉంటే ఇయ్యాల ఇది అబద్ధం అయ్యేది కాదు," అంది గుల్జార్.

"నేను పదిళ్ళు తిరిగి చెప్పేదేందో నీకు తెలుసుగా. పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించే నోరు ఇది. ఈ నోటితో నలుగురి ముందు..."

"తెలిసే వచ్చా. ఇంకెవరు చెప్పినా గురజాలోళ్ళు నమ్మరు. నా మాట అసలే నమ్మరు, పిల్ల తల్లిని. నువ్వు చెప్తే నమ్ముతారు. అబద్ధం ఆడదని పేరున్నదానివి నువ్వే గదక్కా."

ఆరోగ్యమ్మకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు ఇలా ఖర్చవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"రహీముకి తెలుసా?"

"తెలీదు. ఆ ఏడాది నరసరావుపేటలో కుట్టుపనికి పోయాడుగా. నేనేం చెప్తే అదే ఆయనకి." గుల్జార్ ముసుగు సర్దుకుంది. "రమ్మని బలవంతం చెయ్యను. మా పెద్దలు కూర్చున్నాక నేను ఈ మాట చెప్తా. ఆరోగ్యమ్మను అడగండి అంటా. వస్తావో, రావో నీ ఇష్టం."

ఆమె వెళ్ళిపోయింది. ఆరోగ్యమ్మ ఎండలో అక్కడే నిలబడింది. గోడ రాళ్ళు అరచేతికి కాలుతున్నా తీయలేదు.

*

"అమ్మా, నువ్వు వెళ్ళకూడదు."

కృపాదానం దొడ్డి గుమ్మం దగ్గరే ఉన్నాడు. మొత్తం విన్నాడు.

"అబద్ధం మీద కట్టిన పెళ్ళి ఏం నిలబడుతుందమ్మా? అసలు నేను రెండో పుల్ల కూడా వేశాను. ఇక జన్మలో అబద్ధం ఆడనని."

"ఎన్ని పుల్లలేశావురా? అడివంతా ఏశావా?" అన్నాడు గురవయ్య లోపలినుంచి.

"నువ్వే నేర్పావుగదమ్మా. ప్రాణం పోయినా నిజమే చెప్పమని."

ఆరోగ్యమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆ కమిలిన కంటిని నిన్నటినుంచీ ఆమె సరిగా చూడలేదు. ఇప్పుడు చూసింది. జాలి వేసింది, మరుక్షణం ఒళ్ళు మండింది.

"నేర్పా. నీ ప్రాణం పోతే పోనిమ్మన్నా. ఆడపిల్ల ప్రాణం తియ్యమని చెప్పలా."

"అమ్మా!"

"నీ బరువు నువ్వు దించుకున్నావు. మనసు తేలికైందంట నీకు! ఎవరి నెత్తిన దించావో ఎనక్కి తిరిగి చూశావా? వచ్చే నెల ముప్పాళ్ళ బళ్ళో పంతులువై పోతావు. జరిగింది నీకు ఒక సాక్ష్యం. పది కూటాల్లో లేచి చెప్పుకుంటావు. ఆ పిల్లెక్కడికి పోవాలిరా? కాజాలు కుడతా ఆ అరుగు మీదే కూర్చోవాలా?"

ఆమె ఎప్పుడూ అలా మాట్లాడలేదు. కృపాదానం తల వంచుకున్నాడు. గురవయ్య కూడా కాళ్ళు ముడుచుకున్నాడు.

మసీదులో నమాజు అయినట్టుంది, వీధిలో చెప్పుల చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఆరోగ్యమ్మ ముఖం కడుక్కుని, తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుంది. అలవాటుగా కొక్కేనికున్న గుడ్డసంచి అందుకుంది. అందులో బైబిలు ఉంది. ఒక నిమిషం సంచి చేతిలో పట్టుకుని, తిరిగి కొక్కేనికే తగిలించింది.

గురవయ్య గడప మీదనుంచి లేచి దారి ఇచ్చాడు.

"ఎళ్ళవే," అన్నాడు మెల్లగా. "ఆ పాపమేదో నా నెత్తిన ఎయ్యమను దేవుణ్ణి. నాకు చానా ఉన్నయ్యి, అందులో ఇదొకటి."

ఆమె గడప దాటింది.

*

అబ్దుల్ రహీమ్ ఇంటి అరుగు మీద చాపలు పరిచారు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పారు. మూలన చిరిగిన డేరాలు కుప్పగా పడున్నాయి. మాసికలకని నిన్న బళ్ళలోనుంచి దించినవే. వాటిని అక్కడినుంచి తీయాలన్న ధ్యాస కూడా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ కుప్ప చూసి ఆరోగ్యమ్మ చూపు తిప్పుకుంది.

గురజాలనుంచి ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్ద మస్తాన్ సాహెబ్, తెల్లగడ్డం, నెమ్మది మనిషి. ఆయన ముందు తమలపాకు పళ్ళెం, అందులో ఉంగరం. హమీదా వేలినుంచి అప్పటికే తీయించేశారు. గుల్జార్ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. లోపలి గదికి పాత దుప్పటి పరదాగా వేలాడుతోంది. సుభానీ గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు మస్తాన్ సాహెబ్. "మీరు ఒకసారి మా గురజాల వచ్చారు. మా వీధిలో ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మీ దేవుడి సంగతి చెప్పారు. మావాళ్ళు మీ మాట ఒప్పుకోలేదు. కానీ మనిషి మంచిదన్నారు. అందుకని మీ చేత ప్రమాణం చేయించను. చేయిస్తే మిమ్మల్ని అవమానించినట్టు."

ప్రమాణం చేయించినా బాగుండేది. ఆరోగ్యమ్మ చాప అంచున కూర్చుంది.

"ఈమె ఒక మాట చెప్పింది. మీ అబ్బాయి ఈమె పాలు తాగాడా?"

"పురిట్లో నాకు జొరమొచ్చింది," అంది ఆరోగ్యమ్మ. అంతవరకూ నిజమే. "పాలు పడలా. పిల్లోడు గుక్కపెట్టాడు. మేకపాలు పోస్తే కక్కేశాడు. గుల్జారు గోడకాడికొచ్చి, నేనిస్తా ఇటియ్యండి అంది."

"ఇచ్చారా?"

"ఇచ్చాం."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆమెకి తన మీద తనకే భయం వేసింది.

"ఒకసారేనా?"

"జొరం తగ్గిందాకా. పూటపూటా. సుభానీ ఒక పక్క, వీడొక పక్క. ఇద్దరూ కడుపు నిండి దాని ఒళ్ళోనే నిద్రపోయేవాళ్ళు."

చెబుతుంటే అది ఆమె కళ్ళకి కట్టింది. ఆ మంచం, ఆ ఇద్దరు పిల్లలు, వాళ్ళని చూసుకుని నవ్వుతున్న పడుచు గుల్జార్. జరగాల్సింది అదే. జరగలేదు. గోడ పక్కన గుల్జార్ ముసుగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పంచాయితీ పెద్దలు ఆ ఏడుపుని సాక్ష్యం కింద తీసుకున్నారు.

"మరి ఇన్నాళ్ళూ దాచారెందుకమ్మా?"

"మా అత్త దాచమంది. ఆమె పోయాక చెప్పడానికి నాకే మొహం చెల్లలా. తప్పు నాది. పిల్లోడికి తెలీదు. తెలిసుంటే ఆ మాట అనేవాడు కాదు. అబద్ధం ఆడడు వాడు."

ఆ చివరి మాటొక్కటి నిజం.

అబ్దుల్ రహీమ్ భార్య వైపు చూశాడు. "నాక్కూడా చెప్పలేదే నువ్వు," అన్నాడు. కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. సుభానీ తన కుడిచేతి వంక చూసుకుని, దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

మస్తాన్ సాహెబ్ పక్కవాళ్ళతో ఉర్దూలో ఏదో అన్నాడు. వాళ్ళు తలలూపారు. గుల్జార్ ఊపిరి పీల్చుకోవడం ఆరోగ్యమ్మకి వినిపించింది. గండం గడిచిందనే ఆమె కూడా అనుకుంది.

"అత్తా."

పరదా వెనకనుంచి వచ్చింది ఆ పిలుపు. పెళ్ళివారి పెద్దల ముందు పెళ్ళికూతురు గొంతు వినపడకూడదు.

"హమీదా, చుప్!" అంది గుల్జార్.

"అమ్మీ, ఒక్క మాట." ఆ గొంతులో ఏడుపు లేదు. "అత్తా, మీరు అబద్ధం చెప్పరుగదా. వీళ్ళకి చెప్పింది చెప్పారు. నాకు చెప్పండి. నిజమేనా?"

ఆరోగ్యమ్మకి అప్పుడు తెలిసింది. పెళ్ళి నిలిచినందుకు సంబరపడే పిల్ల అలా అడగదు. కృపాదానం ఎన్నడూ చెప్పలేదు, చూడలేదు. అయినా ఆ పిల్లకి తెలుసు. ఆమె మనసులోనూ అదే ఉంది. ఎప్పటినుంచి తెలుసో, ఎన్ని కాజాలు కుడుతూ దాచుకుందో ఆ పిల్లకే తెలియాలి. పెద్దల దగ్గర చెప్పిన అబద్ధం కాపాడటానికి చెప్పింది. ఇప్పుడు ఈ పిల్లకి చెప్పబోయేది వేరు. కాదంటే ఉంగరం పోతుంది, పరువు పోతుంది, పది మందిలో గుల్జార్ అబద్ధాలకోరు అవుతుంది. అవునంటే...

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నిజమే తల్లీ. ఇంక నన్ను అత్తా అనమాక. పెద్దమ్మా అను."

పరదా కదలలేదు. రహీమ్ గొంతు సవరించుకున్నాడు.

"అట్టాగే, పెద్దమ్మా," అంది హమీదా.

ఆరోగ్యమ్మకి ఆ అరుగు మీదే పడి గుండెలు బాదుకుని ఏడవాలనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మస్తాన్ సాహెబ్ పళ్ళెంలో ఉంగరం తీసి చేత్తో పట్టుకున్నాడు. కానీ వెంటనే లోపలికి పంపలేదు.

"మా వైపునుంచి ఇంకొక్కటే," అన్నాడు. "ఆ పేరు పదిమందిలో పడింది. పదిమందిలోనే తీయాలి. ఆ అబ్బాయిని పిలిపించండి. ఈ గుమ్మంలో నిలబడి, అందరూ వినేటట్టు, ఈ పిల్లని చెల్లెలా అని పిలవమనండి. ఆ మాట వినగానే ఉంగరం నేనే లోపలికి పంపిస్తాను. నికా తేదీ మారదు."

"వాడికి ఒంట్లో బాగాలేదు," అంది ఆరోగ్యమ్మ గబుక్కున.

"ఒక్క మాటేగదమ్మా."

సుభానీ అరుగు దిగబోయాడు. ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. వీధిలో, వేపచెట్టు నీడన గురవయ్య నిలబడి ఉన్నాడు. కొడుకు జబ్బ పట్టుకుని ఉన్నాడు. పట్టుకొచ్చాడో, రాకుండా పట్టుకున్నాడో తెలియలేదు. కృపాదానం ముఖం చూస్తే మాత్రం హమీదా అడిగిందీ, తల్లి చెప్పిందీ అతను విన్నాడని ఆరోగ్యమ్మకి అర్థమైంది. ఆ పిల్ల ఎందుకు అడిగిందో కూడా అతనికి అర్థమైంది.

గురవయ్య చెయ్యి వదిలాడు.

కృపాదానం మెట్టెక్కాడు. డేరాల కుప్ప పక్కనుంచి నడిచి గుమ్మం ముందు నిలబడ్డాడు. పరదాకీ అతనికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"పిలువు నాయనా," అన్నాడు మస్తాన్ సాహెబ్.

అతను తల్లి వైపు తిరిగాడు. ప్రాణం పోయినా నిజమే చెప్పమని నేర్పిన తల్లి రెండు చేతులూ జోడించింది. నోరు విప్పలేదు. కళ్ళనిండా నీళ్ళతో, అబద్ధం చెప్పరా నాయనా అని కొడుకుని బతిమాలుకుంది.

కృపాదానం పరదా వైపు తిరిగాడు.

"హమీదా," అన్నాడు.

అందరికీ వినిపించింది. నెగడు దగ్గర పలికినట్టే పలికాడు. మస్తాన్ సాహెబ్ ఉంగరం పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి, తర్వాతి మాట కోసం ఆగాడు.

ఆ మాట రాలేదు.